లెడ్ బెల్లీ: పన్నెండు తీగల పాట

నోటి నుంచి నోటికి నడిచే పాట రికార్డులోకి ఎక్కినప్పుడు ఏం దక్కుతుంది, ఏం పోతుంది? ఈ ప్రశ్న పాటలున్న ప్రతి జాతికీ ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. దీన్ని తన బతుకంతా మోసిన ఒక గాయకుణ్ణి ఈ సంచికలో మా పాఠకులకు పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు హడ్డీ విలియం లెడ్‌బెటర్. లోకానికి లెడ్ బెల్లీగా తెలుసు. అమెరికా నల్లజాతి ప్రజల పొలం పాటలు, జైలు పాటలు, పిల్లల ఆటపాటలు, తాను కట్టిన పాటలు కలిపి వందల సంఖ్యలో రికార్డుల్లోకి ఎక్కించిన మనిషి. ఆయన చనిపోయి 70 ఏళ్లు దాటినా ఆ పాటలు ఇంకా పాడుతూనే ఉన్నారు.

కాడో సరస్సు ఒడ్డున

లెడ్ బెల్లీ 1880ల చివర్లో లూసియానా రాష్ట్రంలోని మూరింగ్స్‌పోర్ట్ దగ్గర పుట్టారు. ఆ ఊరు కాడో సరస్సు ఒడ్డున ఉంటుంది. కాడో అనేది అక్కడి మూలవాసుల పేరు. 1835లో ఒక ఒప్పందం కింద వాళ్లు ఆ ప్రాంతంలోని తమ నేలను అమెరికా ప్రభుత్వానికి వదులుకోవాల్సి వచ్చింది. సరస్సుకు మాత్రం వాళ్ల పేరు మిగిలింది. వాళ్లు వెళ్లిపోయిన నేలలో పత్తి తోటలు వచ్చాయి. ఆ తోటల్లో చాకిరీ చేయడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి ఉండేది. బానిసత్వం చట్టప్రకారం 1865లో రద్దయినా, హడ్డీ పుట్టేనాటికి నల్లజాతి కుటుంబాలు అదే పత్తి పొలాల్లో పాలుకు పంట పండిస్తూ బతుకుతున్నాయి.

తండ్రి వెస్లీ, తల్లి శాలీ. తల్లి వైపు చెరోకీ మూలవాసుల రక్తం ఉందని ఇంట్లో చెప్పుకునేవారు. వెస్లీ కష్టజీవి. పక్కనే టెక్సాస్ రాష్ట్రం వైపు కొంత భూమి కొనుక్కుని, అడవి కొట్టి సాగులోకి తెచ్చారు. ఆ రోజుల్లో ఒక నల్లజాతి రైతు సొంత భూమి సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు.

హడ్డీకి మొదటి వాయిద్యం ఇచ్చింది టెరెల్ అనే బాబాయి. అది చిన్న అకార్డియన్, గాలితిత్తిని సాగదీస్తూ, మూస్తూ వాయించేది. కొన్నాళ్లకే గిటారు చేతికొచ్చింది. పనిదినాలు ముగిశాక చుట్టుపక్కల ఇళ్లలో జనం చేరేవారు. గదిలో సామాను బయటపెట్టి, తెల్లవార్లూ ఆడేవారు. పదిహేనేళ్లు నిండేసరికి ఆ ఆటలకు హడ్డీ వాయించాల్సిందే. పొలంలో పత్తి తీసేటప్పుడు పాడేవి, పశువులను తోలేటప్పుడు అరిచేవి, చర్చిలో పాడేవి, పిల్లలు గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడేవి, అన్నీ ఆయన చెవిన పడ్డాయి. ఒకసారి విన్న పాట మరచిపోని జ్ఞాపకశక్తి ఆయనది. తనకు 500 పాటలు వచ్చని తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు.

యౌవనంలో ష్రీవ్‌పోర్ట్ పట్నంలోని ఫానిన్ వీధికి దారి పట్టారు. సారా దుకాణాలు, జూదం, పియానోలు ఉన్న వీధి అది. అక్కడి పియానో వాద్యకారులు ఎడమ చేత్తో మోగించే మంద్రస్వరాల నడక ఆయనకు బాగా నచ్చింది. ఆ నడకనే గిటారు మీదికి తెచ్చుకున్నారు. 1912 ప్రాంతంలో డాలస్ నగరంలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే చూపులేని గాయకుడు పరిచయమయ్యారు. ఇద్దరూ వీధుల్లోనూ రైళ్లలోనూ కలిసి పాడి డబ్బులు సంపాదించుకున్నారు. సుమారు ఆ రోజుల్లోనే లెడ్ బెల్లీ 12 తీగల గిటారు పట్టారు. మామూలు గిటారుకు 6 తీగలు. ఇందులో ప్రతి తీగకూ పక్కన ఒక జంట తీగ ఉంటుంది. ఆయన దాన్ని మామూలుకన్నా కింది శ్రుతిలో పెట్టి, బొటనవేలికి తొడుగు వేసుకుని వాయించేవారు. మైకులేని చోట కూడా గది నిండిపోయేది.

గొలుసులు

ఇక్కడి నుంచి కథ చీకట్లోకి వెళ్తుంది. ఆ చీకటిని దాచి ఆయన్ని గొప్పవాడిగా నిలబెట్టాలని మాకు లేదు. లెడ్ బెల్లీ బలశాలి, ముక్కోపి. ఆయన తిరిగిన చోట్ల కత్తులు, తుపాకులు సామాన్యం. 1915లో పిస్తోలు వెంట పెట్టుకున్నాడన్న నేరంపై శిక్ష పడి, కాళ్లకు గొలుసులు వేసి రోడ్డు పని చేయించే ఖైదీల గుంపులో చేరారు. కొద్ది రోజులకే అక్కణ్ణుంచి పారిపోయారు. పేరు మార్చుకుని వాల్టర్ బాయిడ్‌గా టెక్సాస్‌లో మరోచోట బతికారు. 1917 చివర్లో జరిగిన గొడవలో విల్ స్టాఫర్డ్ అనే బంధువు చనిపోయాడు. ఆ హత్యానేరంపై 1918లో శిక్ష పడింది. కనీసం 7 ఏళ్లు జైల్లో ఉండాలి.

ఆనాటి దక్షిణాది జైళ్లు నాలుగు గోడల గదులు కావు. వేల ఎకరాల పొలాలు. చెరకు, పత్తి, మొక్కజొన్న సాగంతా ఖైదీలతోనే. పొద్దు పొడవక ముందు పరుగున పొలానికి వెళ్లాలి, చీకటి పడ్డాక తిరిగిరావాలి. గుర్రాల మీద తుపాకులతో కాపలా. ఖైదీల్లో అత్యధికులు నల్లజాతివారు. బానిసత్వం పోయిందన్నారు కానీ, ఈ పొలాల్లో అది వేరే పేరుతో నడిచింది.

ఆ పొలాల్లోనే పని పాట బతికింది. చెట్టు నరికేటప్పుడు నలుగురైదుగురు ఒకే చెట్టు చుట్టూ నిలబడతారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావారు అందుకుంటారు. మాట మాటకూ మధ్య గొడ్డళ్లన్నీ ఒకేసారి పడతాయి. లయ తప్పితే పక్కవాడి చేయి తెగుతుంది. ముసలివాడు, జబ్బుపడ్డవాడు వెనకబడి దెబ్బలు తినకుండా ఉండాలంటే పాట ఎత్తేవాడు వేగాన్ని అదుపులో పెట్టాలి. అందుకే పాట ఎత్తగలిగినవాడికి ఆ గుంపులో విలువ ఉండేది. లెడ్ బెల్లీ ఆ పని చేశారు. పాటకు ఊపిరి ఎక్కడ ఆపాలో, దెబ్బ ఎక్కడ పడాలో ఆయన నేర్చుకున్నది గొడ్డలి పట్టుకునే. తర్వాత న్యూయార్క్ వేదికల మీద పని పాట పాడినప్పుడు కూడా గొడ్డలి పడే చోట ఆయన గొంతు నుంచి ఒక ఊపు వినిపించేది.

లెడ్ బెల్లీ అనే పేరు వచ్చిందీ జైల్లోనే. ఇంటిపేరును అటూ ఇటూ తిప్పితే వచ్చిందని కొందరు, ఆయన దేహబలం చూసి పెట్టారని కొందరు, పొట్టలో దిగిన తూటా వల్ల వచ్చిందని కొందరు చెబుతారు. లెడ్ అంటే సీసం, బెల్లీ అంటే పొట్ట.

టెక్సాస్ గవర్నర్ పాట్ నెఫ్ షుగర్‌లాండ్ జైలు చూడటానికి వచ్చినప్పుడు అధికారులు ఈ ఖైదీతో పాట పాడించారు. లెడ్ బెల్లీ తన విడుదల కోరుతూ స్వయంగా కట్టిన పాట వినిపించారు. ఎవరికీ క్షమాభిక్ష పెట్టనన్న మాటతో గెలిచిన ఆ గవర్నర్, పదవి దిగిపోయే ముందు 1925 జనవరిలో ఆయన్ని విడుదల చేశారు. అప్పటికి కనీస శిక్ష దాదాపు పూర్తయింది.

అయిదేళ్లకే మళ్లీ జైలు. 1930లో ఒక తెల్లజాతి వ్యక్తిని కత్తితో పొడిచారన్న కేసులో లూసియానాలోని అంగోలా జైలుకు పంపారు. ఒకప్పటి బానిసల తోట పేరే ఆ జైలుకు పెట్టారు. ఆ బానిసలను తెచ్చిన ఆఫ్రికా దేశం పేరది.

జైలుకు వచ్చిన మెషీన్

1933 జూలైలో అంగోలాకు ఇద్దరు వచ్చారు. జాన్ లోమాక్స్, ఆయన 18 ఏళ్ల కొడుకు అలన్. తండ్రి అంతకుముందే పశువుల కాపరుల పాటలు సేకరించి పుస్తకం వేసినవారు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున పాటలు రికార్డు చేస్తున్నారు. జైళ్లకు రావడానికి ఆయనకు ఒక కారణం ఉంది. రేడియో, గ్రామఫోను మోతకు దూరంగా ఉన్న ఖైదీల నోట పాత పాటలు చెడకుండా మిగిలి ఉంటాయని ఆయన అంచనా. కారు వెనక అమర్చిన రికార్డింగ్ మెషీన్ బరువు సుమారు 140 కిలోలు. పాడుతుంటే సూది అల్యూమినియం పళ్లెం మీద గాడి గీస్తుంది.

అంగోలాలో వాళ్లకు లెడ్ బెల్లీ దొరికారు. ఆ రోజు రికార్డయిన పాటల్లో గుడ్‌నైట్ ఐరీన్ ఒకటి. అది ఆయన తన బాబాయిల దగ్గర నేర్చుకున్న పాట. గస్సీ డేవిస్ అనే నల్లజాతి రచయిత 1886లో అచ్చు వేయించిన పాటకు, దీనికి చుట్టరికం ఉందని తర్వాత పరిశోధకులు గుర్తించారు. అచ్చు కాగితం మీద పుట్టిన పాట పల్లెలకు చేరి, అక్కడి నోళ్లలో నలిగి, కొత్త చరణాలు తొడిగి, పుట్టిల్లు మరచి లెడ్ బెల్లీ దగ్గరికి వచ్చింది. ఆయన మళ్లీ దాన్ని తనదిగా మలిచారు. జానపదం అంటే ఎవరూ కట్టనిది కాదు, అందరూ కట్టినది అని మాకు ఈ ఒక్క పాట చాలు.

మరుసటి ఏడాది లోమాక్స్ మెరుగైన మెషీన్‌తో మళ్లీ వచ్చారు. లెడ్ బెల్లీ ఈసారి లూసియానా గవర్నర్‌కు విన్నపంగా ఒక పాట పాడారు. ఆ పళ్లెం గవర్నర్ కార్యాలయానికి చేరింది. 1934 ఆగస్టు 1న ఆయన విడుదలయ్యారు. రెండోసారి కూడా పాటతోనే జైలు తలుపులు తెరిపించుకున్నాడన్న కథ పత్రికల్లో మారుమోగింది. జైలు అధికారులు మాత్రం, మంచి నడవడికకు శిక్ష తగ్గించే నియమం ప్రకారమే వదిలామని స్పష్టం చేశారు. కథ మాత్రం నిజం కన్నా వేగంగా నడిచింది, చాలాకాలం ఆయన టికెట్లు అమ్మింది ఆ కథే.

చారల బట్టలు

విడుదలయ్యాక లెడ్ బెల్లీ లోమాక్స్‌కు కారు డ్రైవరుగా చేరారు. మరిన్ని జైళ్లకు వెళ్లినప్పుడు, రికార్డింగ్ అంటే ఏమిటో ఖైదీలకు పాడి చూపించేవారు కూడా ఆయనే. ఆ ప్రయాణంలో అర్కాన్సా ఖైదీల నుంచి రైలు గురించిన ఒక పాట విన్నారు. అదే రాక్ ఐలాండ్ లైన్. 1934 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో పండితుల సభలో, ఆ తర్వాత న్యూయార్క్‌లో పాడారు. పత్రికలు ఎగబడ్డాయి. అయితే ఆ రాతల్లో గాయకుడి కన్నా హంతకుడే ఎక్కువగా కనిపించాడు. 1935లో సినిమా హాళ్లలో వేసే ఒక వార్తాచిత్రం కోసం ఆయన చేత ఖైదీ బట్టలు తొడిగించి, జైలు సన్నివేశాన్ని మళ్లీ నటింపజేశారు.

లెడ్ బెల్లీకి సూటు, మడత నలగని చొక్కా, బో టై అంటే ఇష్టం. తన కచేరీకి తాను దొరలా వెళ్లాలనుకున్నారు. చూసేవాళ్లకు మాత్రం పొలం బట్టలు, ఖైదీ బట్టలు కావాలి. వేదిక ఎక్కాలంటే ఇతరులు ఊహించుకున్న వేషంలో రమ్మనడం ఏమిటో మా పాఠకులకు వివరించి చెప్పనక్కరలేదు.

డబ్బు దగ్గర అసలు పేచీ వచ్చింది. ఒప్పందం ప్రకారం కచేరీల ఆదాయం మూడు వాటాలు. తండ్రికి ఒకటి, కొడుక్కి ఒకటి, పాడినవాడికి ఒకటి. ఆ వాటాను కూడా లోమాక్స్ తన దగ్గరే ఉంచి, ఖర్చుకు కొద్దికొద్దిగా ఇచ్చేవారు. 1935 మార్చిలో లెడ్ బెల్లీ తన డబ్బు తనకిమ్మని కత్తి చూపించి అడిగారు. అంతటితో ఇద్దరి దారులూ వేరయ్యాయి. అప్పటికి రెండు నెలల క్రితమే పెళ్లాడిన మార్తా ప్రామిస్‌తో కలిసి ఆయన లూసియానా తిరిగివెళ్లారు. మిగిలిన సొమ్ము కోసం లాయరును పెట్టుకుని రాజీకి తెచ్చుకున్నారు. 1936లో లెడ్ బెల్లీ పాటలతో పుస్తకం వచ్చింది. రచయితలుగా దాని మీద ఉన్న పేర్లు లోమాక్స్ తండ్రీకొడుకులవి.

ఇందులో లోమాక్స్‌ను వట్టి దోపిడీదారుగా తీసిపారేయడం మాకు న్యాయంగా తోచదు. ఆ మెషీన్ అంగోలాకు రాకపోతే ఆ గొంతు మనదాకా వచ్చేది కాదు. అలాగని, పాట దాచినందుకు పాటగాడి కూలి కూడా దాచుకునే హక్కు ఎవరికీ రాదు. ఈ రెండూ నిజమే.

న్యూయార్క్‌లో సొంత పాట

1936లో లెడ్ బెల్లీ, మార్తా న్యూయార్క్ తిరిగి వచ్చి కాపురం పెట్టారు. నల్లజాతి పేట హార్లెంలో ఆయనకు ఆదరణ దక్కలేదు. అక్కడ అప్పుడు జాజ్ గాలి వీస్తోంది. పల్లె పాట, జైలు పాట వాళ్లు మరచిపోదామనుకుంటున్న రోజుల్ని గుర్తుచేశాయి. ఆయన్ని అక్కున చేర్చుకున్నది కార్మిక సంఘాలు, వామపక్ష బృందాలు, జానపదాన్ని ప్రేమించే యువకులు. వుడీ గత్రీ 1940లో కొన్నాళ్లు ఆయన ఇంట్లోనే ఉన్నారు. పీట్ సీగర్ ఆయన్ని చూసి 12 తీగల గిటారు నేర్చుకున్నారు.

పాత పాటలకు తోడు కొత్త పాటలు కట్టింది ఎక్కువగా ఈ కాలంలోనే. 1937లో రికార్డింగ్ కోసం వాషింగ్టన్ వెళ్లినప్పుడు, నల్లజాతి దంపతులకు గది ఇచ్చేవారు దొరకలేదు. తెల్లజాతి మిత్రులతో కలిసి కూర్చుని తినే చోటు కూడా లేదు. దేశ రాజధానిలో జరిగిన ఈ అవమానాన్ని ఆయన బూర్జువా బ్లూస్ పాటగా కట్టారు. అలబామాలో తప్పుడు అత్యాచారం కేసులో 1931లో ఇరికించిన తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద, జాతి వివక్ష చట్టాల మీద, హిట్లర్ మీద కూడా పాటలు కట్టారు. పత్తి పొలం పాట పాడిన గొంతే ఆ రోజు పేపరులోని వార్తనూ పాడింది.

కష్టాలు మాత్రం వదల్లేదు. 1939లో ఒక కొట్లాట కేసులో మళ్లీ కొన్ని నెలల జైలు. ఆ కేసు ఖర్చుల కోసం చందాలు పోగుచేయడానికి అలన్ లోమాక్స్ తన పై చదువు మధ్యలో ఆపేశారు. తండ్రితో తెగిన బంధం కొడుకుతో తెగలేదు. 1940లో లెడ్ బెల్లీ ఆర్‌సీఏ విక్టర్ కంపెనీకి గోల్డెన్ గేట్ క్వార్టెట్ బృందంతో కలిసి జైలు పాటలు రికార్డు చేశారు. రేడియోలో కూడా పాడారు. పెద్ద కంపెనీల రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1935లో ఒక కంపెనీ 40కి పైగా పాటలు రికార్డు చేసుకుని, కొన్నిటినే విడుదల చేసి మిగతావి మూలన పడేసింది.

ఆయనకు నిలకడైన తోడు దొరికింది మోజెస్ ఆష్ అనే చిన్న రికార్డింగ్ వ్యాపారి దగ్గర. 1941లో ఆష్ విడుదల చేసిన మొదటి ఆల్బం పిల్లల ఆటపాటలది. ఒకప్పటి హంతకుడు పిల్లలకు పాడటమేమిటని పత్రికల్లో గోల లేచింది. ఆ గోల పుణ్యమా అని ఆల్బం నలుగురికీ తెలిసింది. పిల్లల ముందు ఆయన వేరే మనిషి. ఆట ఎలా ఆడాలో చెప్పి, చప్పట్లు కొట్టించి, వాళ్లతోనే పాట పూర్తి చేయించేవారు.

1948 శరదృతువులో ఫ్రెడరిక్ రామ్సే అనే మిత్రుడు భోజనానికి పిలిచి, అప్పుడే బజారుకు వచ్చిన టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టారు. పాత పళ్లెం మీద పాటకు మూడు నాలుగు నిమిషాలే చోటు. టేపు మీద ఆ తొందర లేదు. మొదటి రాత్రి ఆయన గిటారు కూడా తేలేదు. ఒట్టి గొంతుతో పొలం కేకల నుంచి మొదలుపెట్టి, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పనికి పాడేవారో చెబుతూ పాడుకుంటూ పోయారు. మార్తా మధ్యలో గొంతు కలిపారు. మూడు రాత్రుల్లో 90కి పైగా పాటలు వచ్చాయి. మాట, పాట, నవ్వు కలిసిపోయిన ఈ రికార్డులే ఆయనకు అసలైన ఆత్మకథ అని మా అభిప్రాయం.

చివరి రోజులు, తర్వాతి రోజులు

1949లో పారిస్‌లో కచేరీలకు వెళ్లినప్పుడు చేతులు, కాళ్లు మాట వినడం మానేశాయి. కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ వ్యాధి అని డాక్టర్లు తేల్చారు. గిటారు వాయించేవాడికి అంతకన్నా క్రూరమైన జబ్బు లేదు. జూన్‌లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాడారు. ఏడాదిన్నర క్రితం చనిపోయిన జాన్ లోమాక్స్ స్మృతిలో జరిగిన కచేరీ అది. పేచీపడిన మనిషి కోసం, తనను ఖైదు చేసిన రాష్ట్రంలో, తడబడే వేళ్లతో పాడారు. అదే ఆయన చివరి కచేరీల్లో ఒకటి. 1949 డిసెంబరు 6న న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో కన్నుమూశారు. పుట్టిన ఊరి దగ్గర షైలో బాప్టిస్టు చర్చి శ్మశానంలో ఆయన్ని ఖననం చేశారు.

ఆరు నెలలు గడిచాయి. పీట్ సీగర్ ఉన్న వీవర్స్ బృందం గుడ్‌నైట్ ఐరీన్‌ను మాటలు కాస్త మెత్తబరచి రికార్డు చేసింది. 1950లో అది 13 వారాలు అమెరికా జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. బతికుండగా లెడ్ బెల్లీ ఎన్నడూ చూడని డబ్బు ఆ పాట మీద వచ్చింది. కాపీరైటు కాగితంలో ఆయన పేరు పక్కన జాన్ లోమాక్స్ పేరు కూడా ఉంది. కాబట్టి ఆ డబ్బూ రెండు వైపులా పంచుకుపోయింది. బాబాయి టెరెల్ పేరు గానీ, గస్సీ డేవిస్ పేరు గానీ ఆ కాగితంలో లేవు.

1956లో బ్రిటన్ గాయకుడు లోనీ డానెగన్ రాక్ ఐలాండ్ లైన్ పాడి పేరు తెచ్చుకున్నారు. అది విని వేలమంది కుర్రాళ్లు చవక గిటార్లు కొన్నారు. వాళ్లలో జాన్ లెనన్ ఒకరు. 1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లెడ్ బెల్లీ పేరు చేర్చారు. 1993లో నిర్వాణా బృందం ఆయన పాడిన పాటతో తన టీవీ కచేరీని ముగించింది. మోజెస్ ఆష్ దాచిన రికార్డులను 1987లో స్మిత్‌సోనియన్ సంస్థ తీసుకుంది. ఈనాటికీ అవి దొరుకుతున్నాయి.

ఈ జీవితంలో మేము ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్న సంగతి ఒకటుంది. లెడ్ బెల్లీ పాటకు ముందు చాలాసార్లు దాని పుట్టుక చెప్పేవారు. ఇది బాబాయి నేర్పింది, ఇది లెమన్‌తో పాడింది, ఇది ఫలానా పొలంలో విన్నది అని. చదువు పెద్దగా లేని ఆ మనిషి అప్పు ఉంచుకోలేదు. పుస్తకాలు, కంపెనీలు, కాగితాలు తప్పిన చోట ఆయన నోరు తప్పలేదు. ఇంటి పెద్దల పాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకునే వారందరికీ మేము చెప్పదలచింది అదే. పాటతో పాటు పాడిన మనిషి పేరు, ఊరు, నేర్పినవారి పేరు కూడా రికార్డు చేయండి. ఆ పాట మీద రేపు పైసా వస్తే, అది ఏ ఇంటికి వెళ్లాలో అప్పుడు అందరికీ తెలుస్తుంది.